చిన్న ఓడలో ధ్రువ ప్రాంతానికి: అంటార్కిటికాకా, స్వాల్‌బార్డ్‌కా?

ప్రశ్న – హనుమకొండ నుంచి

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తున్నాను. వచ్చే ఏడాది పదవీ విరమణ పొందాక నా భార్యతో కలిసి ధ్రువ ప్రాంతానికి ఓడ ప్రయాణం చేయాలని చాలా కాలంగా డబ్బు కూడబెట్టుకుంటున్నాను. పెంగ్విన్ల గురించీ తిమింగలాల వలసల గురించీ ఏటా తరగతిలో చెబుతూ వచ్చాను గాని, వాటిని వాటి నేల మీద, వాటి నీటిలో ఒక్కసారైనా చూడలేదు.

హైదరాబాదులో ట్రావెల్ ఏజెంట్లు చూపించినవాటిలో వేల మందిని తీసుకెళ్లే పెద్ద ఓడలూ ఉన్నాయి, నూటయాభై మందికి మించని చిన్న ఓడలూ ఉన్నాయి. పెద్ద ఓడలో ఖర్చు చాలా తక్కువ. అంత తేడా పెట్టి చిన్న ఓడ ఎక్కితే అందుకు తగినది నిజంగా దక్కుతుందా? వెళ్లవలసింది అంటార్కిటికాకా, ఆర్కిటిక్‌లోని నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌కా? మా ఇంటావిడకు మోకాళ్ల నొప్పులున్నాయి, బస్సులో ఏటూరునాగారం వెళ్లినా కడుపులో తిప్పుతుంది. ఇద్దరం శాకాహారులం. అంటార్కిటికాలో మన దేశపు మైత్రి పరిశోధన కేంద్రాన్ని చూసే వీలుంటుందా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది. వెళ్లివచ్చినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం – కరీంనగర్ నుంచి

సార్, నమస్కారం. మేము చిన్న ఓడలోనే అంటార్కిటికా ద్వీపకల్పానికి వెళ్లివచ్చాం. మీ మొదటి సందేహం తీరాలంటే ధరల పట్టిక కన్నా ముందు అక్కడి నిబంధనలు చూడాలి. అంటార్కిటికాకు పర్యాటకులను తీసుకెళ్లే సంస్థలు 1991లో ఐఏఏటీఓ అనే సంఘంగా ఏర్పడ్డాయి. ఆ సంఘం నియమం ప్రకారం ఒక తీరంలో ఒకే సమయంలో 100 మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అసలు ఎవరినీ ఒడ్డున దింపకూడదు. అంటే ఆ పెద్ద ఓడలో వెళ్లినవారు అంటార్కిటికాను డెక్ మీద నిలబడి చూసి తిరిగి వస్తారు. మంచుకొండలు అలా చూసినా గొప్పగానే ఉంటాయి, కాదనను. కానీ జంతుశాస్త్రం చెప్పిన మనిషి పెంగ్విన్ల కాలనీ ముందు నిలబడి ఆ వాసన పీల్చకుండా, ఆ అరుపులు వినకుండా వెనుదిరగడం నాకు బాధగా తోస్తుంది.

మధ్యరకం ఓడల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 400 మంది ఉన్న ఓడ ప్రయాణికులను వంతులవారీగా దింపుతుంది కాబట్టి ఒక్కొక్కరికి ఒడ్డున దక్కే సమయం తగ్గిపోతుంది. ఏజెంటును గది ఎంత పెద్దది, భోజనశాల ఎలా ఉంది అని అడిగే ముందు, మొత్తం ప్రయాణికులెందరు, ఎన్ని వంతులుగా దింపుతారు, సంస్థకు ఐఏఏటీఓ సభ్యత్వం ఉందా అని అడగండి. అంటార్కిటికాలో అడుగుపెట్టడానికి కావలసిన అనుమతిని ఓడ నడిపే సంస్థే తీసుకుంటుంది. మీరు విడిగా తీసుకోనక్కరలేదు.

ద్వీపకల్పంలో మీకు సాధారణంగా కనిపించేవి జెంటూ, చిన్‌స్ట్రాప్, అడెలీ జాతుల పెంగ్విన్లు. ఎంపరర్ పెంగ్విన్‌ను చూపిస్తామని ఎవరైనా మాట ఇస్తే నమ్మవద్దు; మామూలు మార్గంలో అది అరుదుగా మాత్రమే కనిపిస్తుంది. కింగ్ పెంగ్విన్ల మహా సమూహాలు చూడాలంటే సౌత్ జార్జియా దీవిని కూడా కలిపే పొడవైన యాత్ర ఎంచుకోవాలి, దానికి ఖర్చూ సముద్రం మీద గడిపే రోజులూ బాగా పెరుగుతాయి. పెంగ్విన్‌కు ఐదు మీటర్ల దూరంలో ఉండాలన్నది నియమం. అయితే మీరు కదలకుండా నిలబడితే అది తానే మీ బూట్ల దాకా వస్తుంది. సముద్రానికీ గూటికీ మధ్య మంచులో అవి తొక్కి చేసుకున్న దారులున్నచోట మనమే ఆగి వాటిని పోనివ్వాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది మీరు ఏం చూడాలనుకుంటున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. యాత్రలు నవంబరు నుంచి మార్చి వరకు సాగుతాయి. నవంబరులో మంచు తెల్లగా, తొక్కుడు పడకుండా ఉంటుంది, పెంగ్విన్లు జతకట్టి రాళ్లతో గూళ్లు పేర్చుకుంటూ, పక్కవాటి గూటి రాళ్లు దొంగిలిస్తూ ఉంటాయి. డిసెంబరు చివర, జనవరిలో పిల్లలు గుడ్ల నుంచి బయటికి వస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాలనీలు బురదగా మారినా, క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవులను మేయడానికి వచ్చిన హంప్‌బ్యాక్ తిమింగలాలు ఎక్కువగా కనిపించేది అప్పుడే. మీరు తిమింగలాల మాట ప్రత్యేకంగా ఎత్తారు కాబట్టి నేనైతే ఫిబ్రవరి అంటాను.

ఇక మైత్రి విషయం. మైత్రి 1989 నుంచి షిర్మాకర్ ఒయాసిస్‌లోను, మన మరో కేంద్రమైన భారతి 2012 నుంచి లార్సెమాన్ కొండల్లోను పనిచేస్తున్నాయి. రెండూ తూర్పు అంటార్కిటికాలోవి. పర్యాటక ఓడలు తిరిగే ద్వీపకల్పానికి అవి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టి ఈ ప్రయాణంలో వాటిని చూడడం కుదరదు.

సమాధానం – వరంగల్ నుంచి

నేను వైద్యురాలిని. ధ్రువ ప్రాంతాలకు వెళ్లలేదు, కానీ వెళ్లబోయే ఇద్దరు ముగ్గురు నా వద్దకు సలహా కోసం వచ్చారు. మేడమ్ గారి గురించి రాసిన రెండు మాటలూ తేలికగా తీసుకోవలసినవి కావు.

దక్షిణ అమెరికా కొసన ఉన్న ఉషుయాయా రేవు నుంచి ద్వీపకల్పం చేరాలంటే డ్రేక్ జలసంధి దాటాలి. అత్యంత ఇరుకైనచోట కూడా అది సుమారు 800 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు దాదాపు రెండు రోజులు, వచ్చేటప్పుడు రెండు రోజులు పడుతుంది. కడుపులో తిప్పకుండా వేసుకునే మందులు అలలు మొదలయ్యాక కాదు, ఓడ కదలక ముందే పనికి వస్తాయి. వాటిలో కొన్ని గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవారికి, ప్రోస్టేట్ వాపుతో మూత్రం సరిగా రానివారికి హాని చేస్తాయి కాబట్టి, ఇతరులు వాడినవి చూసి కొనుక్కోకుండా మీ డాక్టరుకు చూపించుకోండి. ఇంటి దగ్గరే ఒక మాత్ర వేసుకుని మగత ఎంత వస్తుందో ముందే చూసుకోండి. గది ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో తీసుకుంటే ఊగిసలాట తక్కువగా ఉంటుంది.

మోకాళ్ల విషయంలో అసలు పరీక్ష నడక కాదు, పడవ ఎక్కి దిగడం. ఓడ పక్కన వేలాడే నిటారు మెట్ల మీదుగా దిగి, అలలకు పైకీ కిందికీ కదిలే గాలి నింపిన రబ్బరు పడవలోకి అడుగు వేయాలి; ఒడ్డున చాలాచోట్ల మోకాలి లోతు నీళ్లలోకి దిగి నడవాలి. సిబ్బంది ముంజేయి పట్టుకుని సాయం చేస్తారు, అయినా ఆ అడుగు మనమే వేయాలి. ఇప్పటి నుంచే రోజూ మెట్లెక్కి దిగడం, కుర్చీలో నుంచి చేతుల ఊతం లేకుండా లేవడం సాధన చేయించండి. బర్డ్ ఫ్లూ వ్యాపించిన తరువాత, జంతువుల దగ్గర ఒడ్డున కూర్చోవడాన్నీ మోకరిల్లడాన్నీ అనుమతించడం లేదు. అలసిపోతే కాసేపు చతికిలబడదామంటే కుదరదన్నది మేడమ్ గారికి ముందే తెలియాలి.

ఓడలో ఒక డాక్టరు ఉంటారు, ఆసుపత్రి ఉండదు. అత్యవసరంగా రోగిని తరలించే ఖర్చు భరించే బీమా లేకుండా బయలుదేరవద్దు.

సమాధానం – గోదావరిఖని నుంచి

నేను బొగ్గు గనుల్లో భూవిజ్ఞాన విభాగంలో పనిచేసి విరమించినవాడిని. మేము వెళ్లింది స్వాల్‌బార్డ్‌కు. మేడమ్ గారి ఆరోగ్యం దృష్ట్యా నా సలహా కూడా అదే.

స్వాల్‌బార్డ్ ప్రధాన పట్టణమైన లాంగ్‌ఇయర్‌బైన్‌లో విమానం దిగి ఓడ ఎక్కితే, గంటల్లోనే ఫియర్డుల (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల) మధ్య ఉంటారు. రెండేసి రోజులు నడి సముద్రం దాటవలసిన పని లేదు, ప్రయాణంలో ఎక్కువ భాగం కొండల చాటునే సాగుతుంది. వేసవిలో సూర్యుడు అస్తమించడు కాబట్టి అర్ధరాత్రి ఎలుగుబంటి కనిపించిందని మైకులో చెప్పినా డెక్ మీదికి పరుగెత్తవచ్చు. వాల్రస్‌లు, పొట్టి కాళ్ల రెయిన్‌డీర్, ఆర్కిటిక్ నక్క, ఆల్కెఫ్యెల్లెట్ కొండచరియ నిండా గూళ్లు కట్టుకున్న గిల్లెమాట్ పక్షులు చూస్తారు. ధ్రువపు ఎలుగుబంటి కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. కనిపించినా ఇప్పుడు 300 మీటర్ల దూరం పాటించాలి. మార్చి 1 నుంచి జూన్ 30 వరకు అది 500 మీటర్లు. కాబట్టి మంచి బైనాక్యులర్లు తప్పనిసరి. 2025 జనవరి నుంచి అక్కడి రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించి ప్రయాణికులున్న ఓడలను రానివ్వడం లేదు, దిగే చోట్లను కూడా పరిమితం చేశారు. ఈ నియమాలు కఠినమని కొందరు అంటారు గాని, ఆ జంతువులను చూసిన తరువాత నాకు అవి న్యాయమైనవిగానే అనిపించాయి.

మన ప్రాంతంవారికి స్వాల్‌బార్డ్ మరో విధంగా కూడా దగ్గరిది. లాంగ్‌ఇయర్‌బైన్ 1906లో బొగ్గు కోసం పుట్టిన ఊరు. పిరమిడెన్ అనే రష్యన్ గని పట్టణాన్ని 1998లో మూసివేశారు. గని కార్మికుల క్వార్టర్లు, సాంస్కృతిక భవనం నేటికీ ఖాళీగా నిలబడి ఉన్నాయి. సింగరేణి కాలనీల్లో బతికినవాడు ఆ వీధిలో నడిస్తే మనసు చలించకుండా ఉండదు.

అంటార్కిటికాతో మన అనుబంధం ఇంకా పాతది. గోదావరి లోయ బొగ్గుకు మూలమైన గ్లాసాప్టెరిస్ మొక్కల శిలాజాలు అంటార్కిటికాలోనూ దొరుకుతాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ మరణించిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం చివరి దాకా తమ వెంట ఈడ్చుకొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలో ఆ ఆకుల అచ్చులున్నాయి. మన బొగ్గు పొరల కింద ఉండే తాల్చేర్ శిలల్లో హిమానీనదాలు మోసుకొచ్చిన బండరాళ్లు కనిపిస్తాయి. ఇండియా, అంటార్కిటికా కలిసి ఉన్న గోండ్వానా మహాఖండం దక్షిణాన ఉన్న ఆ కాలంలో, సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట, ఇవాళ మే నెలలో రామగుండంలో మనం ఎండకు మాడే ఈ నేల మంచు కింద ఉండేది. సార్, మీరు హిమానీనదం అంచున నిలబడినప్పుడు నీటిలోకి అది ఏ ఏ రాళ్లు జారవిడుస్తున్నదో గమనించండి. మన తాల్చేర్ శిలల్లోని బండరాళ్లూ అలా వచ్చి చేరినవే.

వీసా సంగతి ఒకటి చెప్పాలి. స్వాల్‌బార్డ్ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల) పరిధిలో లేదు. నార్వే మీదుగా వెళ్లి నార్వే మీదుగానే తిరిగి వస్తారు కాబట్టి కనీసం రెండుసార్లు ప్రవేశించే షెంగెన్ వీసా తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు – హనుమకొండ నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలు మా ఇంటావిడకు చదివి వినిపించాను. పడవ మెట్ల సంగతి విన్నాక ఆమె రోజూ మెట్లెక్కడం మొదలుపెడతానన్నది, కానీ పెంగ్విన్ లేని మంచు తనకు వద్దన్నది. స్వాల్‌బార్డ్‌లో పెంగ్విన్లు ఉండవు కాబట్టి మళ్లీ దక్షిణానికే వచ్చాం. డ్రేక్ జలసంధిని తప్పించుకునే మార్గం ఏదైనా ఉందా? భోజనం సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

సమాధానం – కరీంనగర్ నుంచి

ఉంది సార్. చిలీలోని పుంటా అరెనాస్ నుంచి కింగ్ జార్జ్ దీవికి సుమారు రెండు గంటల్లో విమానంలో చేరి అక్కడ చిన్న ఓడ ఎక్కే యాత్రలున్నాయి. ఖర్చు ఎక్కువ. ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షులు ఓడ వెంట రెక్క కదపకుండా తేలుతూ వచ్చే ఆ రెండు రోజులను మీరు వదులుకోవలసి వస్తుంది, ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడికి అది చిన్న నష్టం కాదు. అయినా మేడమ్ గారు హాయిగా ఉండడమే ముఖ్యమనుకుంటే ఇదే సరైన దారి.

శాకాహారం గురించి బుకింగ్ సమయంలోనే రాతపూర్వకంగా తెలపండి; మాకు ఏ ఇబ్బందీ కలగలేదు. పచ్చళ్లు, పొడులు ఓడలో తినడానికి తీసుకెళ్లేముందు సంస్థను అడగండి, ఎందుకంటే ఒడ్డుకు మాత్రం ఏ ఆహారమూ తీసుకెళ్లనివ్వరు. ఇంకొక ముఖ్యమైన విషయం: పాఖాల అడవిలో పక్షుల కోసం తిరిగిన బూట్లు, సంచులు మీ దగ్గర ఉండే ఉంటాయి. వాటి కుట్లలో, వెల్క్రో పట్టీల్లో ఇరుక్కున్న గడ్డి గింజలను ఇక్కడే పిన్నీసుతో ఒక్కొక్కటిగా తీసేయండి. పోవా యాన్యువా అనే మామూలు గడ్డి మనుషుల వెంట వెళ్లి కింగ్ జార్జ్ దీవిలో పాతుకుపోయింది. అందుకే ఓడలో బట్టలన్నీ వ్యాక్యూమ్ చేయిస్తారు, ఒడ్డుకు వెళ్లే ముందూ తిరిగి వచ్చాకా బూట్లను క్రిమిసంహారక ద్రావణంలో కడిగిస్తారు.

విదేశీ యాత్ర ప్యాకేజీ మీద ముందే వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను రసీదును ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. కింగ్ జార్జ్ దీవిలో పొగమంచు కమ్మితే విమానం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావడం మామూలే కాబట్టి, పుంటా అరెనాస్ నుంచి హైదరాబాదుకు తిరుగు టికెట్టును యాత్ర ముగిసిన మర్నాటికే తీసుకోకుండా రెండు మూడు రోజుల వ్యవధి ఉంచుకోండి.