డెలీరియమ్‌కు ‘సంధి’ అన్న మాట ఉండగా ‘మతిభ్రమణం’ ఎందుకు?

ఒంట్లో జబ్బు వల్ల మనిషికి హఠాత్తుగా ధ్యాస చెదిరి, అయోమయం కమ్మే స్థితిని డాక్టర్లు డెలీరియమ్ అంటారు. దాన్ని తెలుగులో ఏమనాలన్న ప్రశ్నకు ‘మతిభ్రమణం’, ‘చిత్తభ్రమ’ అని ఇద్దరు మిత్రులు జవాబిచ్చారు. ఆ రెండు మాటలూ నాకు సమ్మతం కావు. అవి చెవిన పడగానే ఇంట్లోవారికి పిచ్చి గుర్తుకొస్తుంది. ‘జ్వరం ముదిరి సంధి పుట్టింది’, ‘సంధి ప్రేలాపన’ అని మన పెద్దలు అన్నప్పుడు మాత్రం, జబ్బు ఒంటిదేనని, మనసు దాని దెబ్బకు తూలిందని ఆ మాటే చెబుతుంది.

ఈ సంధికే సన్నిపాతమని ఇంకో పేరు. వాత పిత్త కఫాలు మూడూ ఒక్కసారిగా ప్రకోపించడాన్ని ఆయుర్వేదం సన్నిపాతం అంటుంది. ఆ మాటకూ, వ్యాకరణంలో మనం చదువుకున్న సంధికీ కలయిక అనే అర్థమే ఉంది. నేటి వైద్యం త్రిదోషాలను లెక్కలోకి తీసుకోదు గానీ, వృద్ధులలో ఈ స్థితికి చాలాసార్లు ఒకటి కాక అనేక కారణాలు కూడుతాయని అదీ అంటుంది: మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, మలబద్ధకం, నిద్రమాత్రలు, శస్త్రచికిత్స. తాగుడు అలవాటున్నవారు హఠాత్తుగా మానేసినా రెండు మూడు రోజుల్లో ఇది రావచ్చు. డెలీరియమ్ అన్న మాటకు లాటిన్‌లో మూలార్థం నాగలి చాలు తప్పడం. సేద్యం తెలిసిన మనకు ఆ పోలిక వేరే వివరించనక్కరలేదు.

మా అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగిన రెండో రాత్రి, వార్డు గోడ వైపు చూపిస్తూ ‘గేదె తలుగు తెంపుకుంది, కట్టేయండి’ అని లేవబోయింది. పొద్దున్నే మామూలుగా మాట్లాడి, సాయంత్రానికి మళ్లీ నన్నే ఎవరని అడిగింది. నేను వయసుతో వచ్చిన మతిమరుపు అనుకొని ఏడుస్తుంటే, పక్క మంచం మీది పెద్దావిడ ‘సంధమ్మా అది, డాక్టరుకు చెప్పు’ అన్నారు. మతిమరుపు నెలలు, ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. సంధి గంటల్లో, రోజుల్లో వచ్చి, పూటపూటకూ మారుతుంది. ధ్యాస నిలవకపోవడం దీని ముఖ్య లక్షణం: వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమంటే రెండు చెప్పి దారి తప్పుతారు. ఇలా ఒక్కసారిగా మారిన మనిషిని ఆ రోజే వైద్యుడికి చూపించాలి. లేపినా లేవకపోతే 108కి ఫోన్ చేయాలి.

అమ్మతో ‘గేదె లేదు’ అని వాదించడం మానేశాను. కళ్లజోడు పెట్టి, పేరు పెట్టి పిలిచి, ‘ఆసుపత్రిలో ఉన్నావమ్మా, నేను నీ పక్కనే ఉన్నాను’ అని నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో చెబుతూ వచ్చాను. పగలు కిటికీ తెరిచి, రాత్రి సద్దు తగ్గించి, గుక్కగుక్కగా నీళ్లు పట్టాము. వినికిడి యంత్రం వాడేవారికి అదీ పెట్టాలి. వీలైనంతవరకు చేతులు కట్టేయకూడదు, కడితే బెదురు పెరుగుతుంది. అమ్మ పూర్తిగా తేరుకోవడానికి మూడు వారాలు పట్టింది.

ఒక చిక్కు మిగిలింది. ‘ప్రేలాపన’, ‘పలవరింత’ అన్నవి గోల చేసే రోగికే సరిపోతాయి. మాటాపలుకూ లేకుండా, తిండి మీద ధ్యాస లేకుండా మంచానికి అతుక్కుపోయేవారికీ సంధి ఉంటుంది, కానీ ‘హాయిగా పడుకున్నారు’ అనుకొని వారిని చాలాసార్లు ఎవరూ పట్టించుకోరు. దానికి ‘మగత సంధి’ అనవచ్చునని నా ప్రతిపాదన. మీ ప్రాంతంలో ఇంతకంటే మంచి మాట వినిపిస్తే, ఏ ఊరి వాడుకో కూడా చేర్చి రాయండి.