వెనిస్‌ను ఒక్కరోజు చూసొచ్చేవాళ్లు ఊళ్లోకి అడుగుపెట్టడానికి డబ్బు కట్టాలా?

మిలాన్ కోడలు: అత్తయ్యగారూ మామయ్యగారూ విజయవాడ నుంచి వచ్చారు. మే నెలలో ఒక శనివారం పొద్దున్నే రైలెక్కి వెనిస్ చూసి రాత్రికి మిలాన్ వచ్చేద్దామని అనుకున్నాం. తీరా చూస్తే ఊళ్లోకి రావడానికే మనిషికి 5 యూరోలట. నాలుగు రోజుల ముందే కట్టకపోతే 10. అది మ్యూజియమూ కాదు, పార్కూ కాదు. జనం కాపురాలు చేసుకునే ఊరు. దానికి ఈ వసూలేంటండీ?

లెక్కల మాష్టారు: 14 ఏళ్ల లోపు పిల్లలకు లేదు. నలుగురు పెద్దలకు 20 యూరోలు. అక్కడ తిరగడానికి వపొరెట్టో పడవ టికెట్ 24 గంటలకు మనిషికి 25, అంటే మీ నలుగురికి 100. దాని మీద ఎవరూ గొడవ పెట్టుకోరు! రాత్రి హోటల్లో ఉండేవాళ్లు ఎలాగూ పన్ను కడుతున్నారు, అందుకే వాళ్లకు ఈ ఫీజు లేదు. ఇన్నాళ్లూ ఏమీ కట్టకుండా తిరిగొచ్చింది డే ట్రిప్ వాళ్లే. అన్నీ కాలువలూ వంతెనలే కాబట్టి ఆ ఊళ్లోకి చెత్త లారీ రాదు. చేతిబండ్ల మీద తోసుకెళ్లి పడవలకెక్కించాలి. మనం పులిహోర తిని పడేసే పేపరు ప్లేట్లు కూడా అంతే. అన్నట్టు, సెయింట్ మార్క్ చౌకులో కింద కూర్చుని డబ్బాలు తెరవకండి, జరిమానా వేస్తారు.

గోదారి గట్టు: మాష్టారూ, రద్దీ తగ్గించడానికే అని చెప్పి పెట్టారు కదా, తగ్గిందా? 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టిన రోజే ఊరివాళ్లు బస్సులాగే పియాజాలే రోమా కూడలి దగ్గర నిరసన చేశారు. ఆ ఏడాది ఫీజు పెట్టిన 29 రోజుల్లో దాదాపు 24 లక్షల యూరోలు వచ్చాయి. జనం మాత్రం ఎప్పట్లాగే వచ్చారు. 2025లో రోజులు 54కి పెంచారు. రోజుకు ఇంతమందే అన్న పరిమితి లేనప్పుడు అది వసూలే గానీ నియంత్రణ ఎలా అవుతుంది?

హైదరాబాదీ: అలిపిరిలో బండికి టోల్ కడతాం, ఇక్కడ కడితే తప్పేంటి?

గోదారి గట్టు: అది బండికి, మనిషికి కాదు. మెట్లెక్కి నడిచి వెళ్లేవాణ్ణి ఎవరూ అడగరు.

పాదువా పక్కింటాయన: నేను వెనిస్‌కి రైల్లో అరగంట దూరంలో ఉంటాను. వెనిస్ ఉన్న వెనెతో ప్రాంతంలోనే ఉండేవాళ్లం కట్టక్కర్లేదు, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు కట్టాలి. అది పెద్ద సంగతి కాదు. అసలు సంగతి ఇళ్లు. 1951లో పాత ఊళ్లో సుమారు 1,75,000 మంది ఉండేవారు, ఇప్పుడు 50,000 కూడా లేరు. ఇల్లు నెల అద్దెకిచ్చే కంటే రోజువారీగా టూరిస్టులకిస్తే ఎక్కువొస్తుంది. అప్పుడు అక్కడ పుట్టి పెరిగిన కుర్రాడికి ఇల్లెక్కడ దొరుకుతుంది? పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే మనవల్ల ఎవరి ఇల్లూ ఖాళీ కాలేదు. ఖాళీ చేయించేది రాత్రుళ్లు ఉండేవాళ్ల గదులు. మరి మినహాయింపు వాళ్లకిచ్చి, ఫీజు మనకు వేస్తే ఎవర్ని ఎటు తోస్తున్నట్టు?

లెక్కల మాష్టారు: మంచి మాటే. కానీ రాత్రి ఉండేవాడు నిదానంగా తిరుగుతాడు, అక్కడే భోంచేస్తాడు. డే ట్రిప్ జనమంతా ఒకే వేళకు రియాల్తో వంతెన మీద పడతారు. ఆ ఇరుకు సందుల్లో ఊరివాళ్లు కూరగాయల సంచితో ఇంటికెళ్లలేకపోతున్నారు.

పాదువా పక్కింటాయన: ఇరుకు నిజమే. అయితే 5 యూరోలకు భయపడి ఆగేదెవరు? రైలు టికెట్‌కే అంతకన్నా ఎక్కువ పెట్టిన కుటుంబం ఆగదు. గైడ్‌తో వచ్చే గుంపులు 25 మందికి మించకూడదు, లౌడ్‌స్పీకర్లు వాడకూడదు అని 2024లో పెట్టిన నిబంధనే నాకు నయమనిపిస్తుంది.

మిలాన్ కోడలు: ఫీజు పొద్దున 8:30 నుంచి సాయంత్రం 4 వరకేనట. నాలుగు తర్వాత వెళ్తే?

హైదరాబాదీ: వెళ్లొచ్చు. కానీ సెయింట్ మార్క్ బసిలికా చర్చి ఐదు దాటాక మూసేస్తారు. అది చూడకుండా మీ అత్తగారు ఊరుకుంటారా?

మిలాన్ కోడలు: ఊరుకోరు. మామయ్యగారికేమో వంతెనల మెట్లంటేనే టెన్షన్. కడతానులెండి, కానీ న్యాయమని మాత్రం ఒప్పుకోను. పాదువా అన్నయ్యగారి ప్రశ్నకు మాష్టారు ఇంకా జవాబు చెప్పలేదు.

లెక్కల మాష్టారు: ఇళ్ల అద్దెలకు వేరే చట్టం కావాలమ్మా. అది వచ్చేదాకా చెత్త ఎత్తేవాళ్ల జీతం ఎవరివ్వాలి?