సమస్యాపూరణం (ఇచ్చిన చివరి పాదానికి పై మూడు పాదాలు అల్లడం; ఛందస్సు తేటగీతి): "కాలి బూడిదై పోయిన గ్రంథ మెదిగె"

మాస్టారు:
కాలిపోయిన పుస్తకం పెరగడమేంటని కంగారు పడకండి, హీబ్రూ లేఖనాల్లో యిర్మీయా 36వ అధ్యాయం చదివి రండి, విషయం అక్కడే ఉంది. యూదా రాజు యెహోయాకీము ఏలుబడిలో ఐదో ఏడు తొమ్మిదో నెల, అంటే క్రీ.పూ. 604 చివర్లో, బబులోను సైన్యం ఆ పక్కకే వస్తోంది, యెరూషలేములో జనం ఉపవాసం ఉన్నారు, ప్రవక్త యిర్మీయా చెప్పగా లేఖకుడు బారూకు సిరాతో రాసిన హెచ్చరికల గ్రంథపు చుట్టని రాజు ముందు కొలువులోని యెహూది చదువుతున్నాడు. తర్వాతది మీరు పద్యంలో చెప్పండి. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కలవడం) కా–గ్రం.

పద్యప్రియ:
రాజు చదివించి, కుంపటి రగులుచుండ
చాకుతో కోసి మంటలో జారవిడిచె;
వ్రాసె బారూకు మరికొన్ని వాక్కు లమర;
కాలి బూడిదై పోయిన గ్రంథ మెదిగె!

మాస్టారు:
బాగుందమ్మా, నడక హాయిగా ఉంది, "జారవిడిచె" చాలా బాగా కుదిరింది. ఒక్కటే లోటు, చుట్ట మొత్తం ఒకేసారి పడేసినట్టు వినిపిస్తోంది, మూలంలో మూడు నాలుగు పుటలు చదవగానే కోసి వేయడం, మళ్ళీ చదవడం, మళ్ళీ కోయడం. అంటే ప్రతి హెచ్చరికా చెవిన పడ్డాకే కాల్చాడు. అది పద్యంలోకి రావాలి.

కృష్ణాతీరం:
తండ్రి విని చింపె వస్త్రాలు దైవభీతిఁ,
గొడుకు చింపెను గ్రంథమున్ గోపగించి;
మరల వ్రాయించె యిర్మీయ మాట హెచ్చ;
కాలి బూడిదై పోయిన గ్రంథ మెదిగె!

తండ్రి అంటే యెహోయాకీము తండ్రి యోషీయా రాజు అండి, ఆలయంలో దొరికిన ధర్మశాస్త్రం చదివించుకుని బట్టలు చింపుకున్నాడు కదా.

పద్యప్రియ:
అన్నయ్యా మొదటి పాదం చదవగానే ఒళ్ళు జలదరించింది! హీబ్రూలో బట్టలు చింపడానికీ ఇక్కడ చుట్ట కోయడానికీ వాడిన క్రియ ఒకటేనట, మీరు రెండు చోట్లా "చింపె" వాడారు, సరిగ్గా అదే. కానీ "కోపగించి" ఎక్కడుంది? రాజూ సేవకులూ భయపడలేదు, బట్టలు చింపుకోలేదు అనే ఉంది, కోపం మాటే లేదు, ఎల్నాతాను, దెలాయా, గెమర్యా అనే అధికారులు కాల్చొద్దని బతిమాలినా అలాగే కూర్చుని కోస్తూ పోయాడు, నాకైతే కోపం కన్నా ఆ నిదానమే భయం వేస్తుంది.

కృష్ణాతీరం:
నిజమే చెల్లెమ్మా, యతి కోసం పెట్టేశాను, అర్థం చూసుకోలేదు. "గ్రంథమున్ గుదురుగాను" అని మారుస్తున్నా, గొ–గు యతి సరిపోతుంది.

కొత్తకలం:
మొదటిసారి రాస్తున్నానండి, తప్పులుంటే చెప్పండి.

చలికి కుంపటి ముందర రాజు యుండి
మూడు నాల్గేసి పుటలుగా ముక్క కోసి
కాల్చె నా యెహోయాకీము గర్వి యగుచు
కాలి బూడిదై పోయిన గ్రంథ మెదిగె!

మాస్టారు:
మొదటిసారికి ఇది చాలా మంచి ప్రయత్నం నాయనా, యెహోయాకీము పేరు ఇంద్రగణంతో (తేటగీతి పాదంలో రెండు, మూడు స్థానాల్లో వచ్చే గణం) మొదలవదు, ముందు "నా" చేర్చి రెండు గణాల్లో ఇమిడ్చావు, రెండో పాదం నేనడిగిందే తెచ్చావు. మొదటి పాదంలో రెండు తప్పులు, చ–రా యతి చెల్లదు, పైగా ఉత్వసంధి నిత్యం కాబట్టి "రాజుండి" అవ్వాలి. అసలు ఇబ్బంది మూడో పాదంలో ఉంది, కాల్చాడు సరే, ఎలా పెరిగిందో పద్యంలో లేదు కదా? అది లేకపోతే సమస్య అలాగే మిగిలిపోతుంది. యిర్మీయా ఇంకో చుట్ట తీసుకుని బారూకుకి ఇవ్వడం, కాలిన మాటలన్నీ తిరిగి రాసి అలాంటివే ఇంకా చేర్చడం, అది చెప్పు. రాజు పేరు వదిలేసినా పర్లేదు.

కొత్తకలం:
చలికి కుంపటి ముందర చాకు బట్టి
మూడు నాల్గేసి పుటలుగా ముక్క కోసి
కాల్చె; బారూకు వ్రాసెను కలము బట్టి;
కాలి బూడిదై పోయిన గ్రంథ మెదిగె!

"బట్టి" రెండుసార్లు వచ్చింది మాస్టారూ, మార్చాలా?

మాస్టారు:
వద్దు, అలాగే ఉంచు.