తాపీ పని అప్రెంటిస్‌గా చేరడానికి ఆధార్ జిరాక్స్ చాలా?

ప్రశ్న (చీపురుపల్లి): మా తమ్ముడికి 17 నిండాయి. టెన్త్ పాసయ్యాడు, ఐటీఐ లేదు. ఒక బిల్డింగ్ కాంట్రాక్టర్ ‘ఆధార్ జిరాక్స్ తెచ్చీ, అప్రెంటిస్‌గా రాసేస్తాను’ అంటున్నాడు. ఇంకేటి కావాలండి?

జవాబు (విజయనగరం): జిరాక్స్‌తో మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) పేరెక్కుతుంది, అంతే. అప్రెంటిస్ అంటే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో కాంట్రాక్టు ఉండాలి. ముందు తమ్ముడు అక్కడ రిజిస్టర్ అవ్వాలి. కాంట్రాక్టర్ సంస్థ కూడా అందులో ఉండాలి. నలుగురికన్నా తక్కువ మంది ఉన్న మేస్త్రీకి ఆ వీలే లేదు. 30 మంది, ఆపైన ఉంటే మాత్రం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. సంస్థ పంపిన కాంట్రాక్టును తమ్ముడు తన లాగిన్‌లో చదివి ఒప్పుకోవాలి. 18 లోపు కాబట్టి గార్డియన్ కూడా కావాలి. ట్రేడ్ (నేర్పే పని) పేరు, ఎన్ని నెలలు, స్టైపెండ్ (నెలనెలా ఇచ్చే భత్యం) ఎంత అన్నవి అందులోనే చూసుకోండి.

ఐటీఐ లేకపోయినా పర్వాలేదు. చట్టంలో కనీస వయసు 14, ప్రమాదకర పనులకు 18. పరంజా, సెంట్రింగ్ ఎత్తు మీద పనులు. నన్నడిగితే 18 నిండేదాకా ఆగండి. ఆరోగ్య పరీక్షలో ఎత్తు 137 సెం.మీ., బరువు 25.4 కిలోలకు తగ్గకూడదు. ఊపిరి పీలిస్తే ఛాతీ 3.8 సెం.మీ. పెరగాలి.

ప్రశ్న (చీపురుపల్లి): డబ్బులెంతొస్తాయి?

జవాబు (నరసన్నపేట): 2019 నిబంధనల్లో నెలకు కనీసం టెన్త్‌కి 6,000, ఐటీఐకి 7,000, డిప్లొమాకి 8,000 రూపాయలు. రెండో ఏడు 10 శాతం పెరుగుతుంది. నాప్స్ (కేంద్రం అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం)లో అయితే స్టైపెండ్‌లో 25 శాతం, 1,500కి మించకుండా, కేంద్రం నేరుగా ఖాతాలో వేస్తుంది. మిగతాది సంస్థ తర్వాతి నెల 10వ తేదీలోగా ఇవ్వాలి. హెల్పర్ కూలీతో పోలిస్తే తక్కువే, దాచడం ఎందుకు! చివర్లో వచ్చే సర్టిఫికెట్ కోసమే ఇది.

ఆ 1,500 ఎక్కువగా ఆగేది బ్యాంకు దగ్గరే. పాస్‌బుక్ ఉంటే సరిపోదు, ఆ ఖాతా ఆధార్‌తో సీడ్ అయి (డబ్బు జమకు లింకై) ఉండాలి. రెండు ఖాతాలుంటే ఆఖరున సీడ్ చేసినదానికే పోతుంది, పాతది చూసుకుని ‘రాలేదు’ అంటారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, టెన్త్ మెమోలో ఒక్క అక్షరమే ఉన్నా తంటానే. ముందే సరిచేయించుకోండి.

ప్రశ్న (టెక్కలి): సైట్లో దెబ్బ తగిలితే?

జవాబు (విజయనగరం): అప్రెంటిస్ ట్రైనీయే, చట్టం లెక్కలో కార్మికుడు కాడు. అయినా పనిలో గాయపడితే పరిహారం యజమానే ఇవ్వాలి. కాంట్రాక్టు నంబరు లేకపోతే అప్రెంటిస్‌గా దాన్ని అడగడానికి ఆధారం చూపడం కష్టం. ఆ కాంట్రాక్టు పేజీ ప్రింటు తీసి ఇంట్లో పెట్టండి. ఇంకోటి, అప్రెంటిస్‌షిప్ సలహాదారు (ఈ చట్టం కింద ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. స్లాబు వేసే రోజున ఇది ఎవరికీ గుర్తుండదు!

జవాబు (నరసన్నపేట): సివిల్ డిప్లొమా వాళ్లు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో వెతక్కండి, మీకు నాట్స్ (డిప్లొమా, డిగ్రీ వాళ్ల అప్రెంటిస్ పథకం) పోర్టల్ వేరే ఉంది.