ఎండలో అరగంట నడిస్తే ఆగిపోతున్న 150 సీసీ బండి, చల్లారితే మళ్లీ స్టార్ట్!

పల్నాడు రైడర్:
ఎయిర్ కూల్డ్, కార్బురేటర్ బండి. పొద్దున ఏ గొడవా లేదు. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో అరగంట దాటితే పికప్ పడిపోయి ఆగిపోతోంది. కాసేపు నీడలో పెడితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ కొత్తవే. ఏ ఆయిల్ వాడాలి? చిన్న ఫ్యాన్ లాంటిది పెట్టించుకోవచ్చా?

ఖని మెకానిక్:
రామగుండం ఎండల్లో ఇదే మా పని, కాబట్టి చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ఆగిన చోటే చూడాలి, చల్లారాక అన్నీ బాగానే కనిపిస్తాయి. ముందు ట్యాంకు మూత తెరువు. సుయ్‌మని గాలి లోపలికి లాగిందా, మూతలో గాలి రంధ్రం పూడిపోయినట్టే. సన్నటి తీగతో పొడిచి ఊదు. లేదంటే కీ ఆఫ్ చేసి కిక్ రాడ్‌ని చేత్తో మెల్లగా నొక్కు. మెత్తగా దిగిపోతే కంప్రెషన్ లేదు, అంటే సిలిండర్లో ఒత్తిడి నిలవట్లేదు. గట్టిగా ఆగితే ప్లగ్ విప్పు. పొడిగా ఉంటే పెట్రోలు అందట్లేదు. తడిగా ఉంటే స్పార్క్ లేదు, లేదా కార్బురేటర్ పొంగుతోంది.

వైజాగ్ వైరింగ్:
వంద శాతం పికప్ కాయిల్, అంటే స్పార్క్ ఎప్పుడు పడాలో సిగ్నల్ ఇచ్చేది. లోపలి సన్న తీగ ఎక్కడో తెగి ఉంటుంది. వేడికి విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి, కాయిల్ మీద హెయిర్ డ్రయ్యర్ ఆడించండి. రీడింగ్ ఉన్నట్టుండి ఎగిరిపోతే కాయిల్ మార్చేయండి. ప్లగ్‌కి హై వోల్టేజ్ పంపే హెచ్‌టీ కాయిల్‌కీ ఇదే పరీక్ష.

కూల్ కూల్:
ఇంత అవసరమా? ఆగినప్పుడు ఇంజిన్ చుట్టూ ఉండే రెక్కలు, అదే ఫిన్స్ మీద ఒక బాటిల్ నీళ్లు పోస్తే సరి.

ఖని మెకానిక్:
పోయకు! కాగిపోయిన హెడ్ (సిలిండర్ పై మూత) మీద చన్నీళ్లు పడితే ఒక పక్కే ముడుచుకుంటుంది. హెడ్ వంగొచ్చు, గాస్కెట్ లీకవ్వొచ్చు. తెలియకపోతే చదువు, సలహాలివ్వకు. ఫిన్స్ మధ్య మట్టి ఉంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బ్రష్‌తో తోము.

పల్నాడు రైడర్:
ఈరోజు ఆగగానే చూశా. మూత దగ్గర శబ్దం లేదు. కిక్ మాత్రం మెత్తగా దిగిపోతోంది. పోయిన నెల ట్యాపెట్ల (వాల్వ్‌లను నొక్కే స్క్రూల) చప్పుడు ఎక్కువగా ఉందని బిగించారు.

ఫీలర్ గేజ్:
అదీ సంగతి! చప్పుడు పోవాలని గ్యాప్ లేకుండా బిగించేశారు. వేడెక్కితే ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ కారిపోతుంది. ఇలాగే తిప్పితే వాల్వ్ అంచు కాలిపోతుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే సెట్ చెయ్యాలి. మ్యాగ్నెట్ మీది టి గుర్తు (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటు) కలపాలి. వాల్వ్‌లను నొక్కే చేతులు, అదే రాకర్లు రెండూ వదులుగా ఆడకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. పల్సర్ 150 లాంటి వాటికి ఇన్‌లెట్ 0.05, ఎగ్జాస్ట్ 0.10 మిల్లీమీటర్లు. మీ బండికి మాన్యువల్లో ఉన్నదే ఖాయం. లాక్ నట్ బిగించాక గేజ్ మళ్లీ పెట్టి చూడాలి, బిగింపులో స్క్రూ కాస్త తిరుగుతుంది.

బుల్లెట్ బావ:
ఏం చెబుతున్నారండీ! వేడికి ఇంజిన్ సాగుతుంది, గ్యాప్ పెరుగుతుంది గానీ తగ్గదు. అందుకే పాత ఐరన్ బుల్లెట్‌లో చల్లగా ఉన్నప్పుడు సున్నా గ్యాప్. కింది క్యామ్ నుంచి పైన రాకర్‌ని తోసే కడ్డీ, అదే పుష్‌రాడ్, వేళ్లతో తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు. అంతే.

ఫీలర్ గేజ్:
పుష్‌రాడ్ ఇంజిన్ లెక్క దీనికి పెడితే ఎలా బావగారూ? అందులో బ్యారెల్, హెడ్ రెండూ పెరుగుతాయి కాబట్టి గ్యాప్ తెరుచుకుంటుంది. ఇందులో క్యామ్, రాకర్ రెండూ హెడ్‌లోనే. బ్యారెల్ ఎంత పెరిగినా సంబంధం లేదు. హెడ్ కన్నా ఎగ్జాస్ట్ వాల్వ్ చాలా వేడిగా ఉంటుంది, దాని కాడ సాగి గ్యాప్ తినేస్తుంది. ఎగ్జాస్ట్‌కి ఎక్కువ గ్యాప్ ఎందుకిచ్చారంటారు?

బుల్లెట్ బావ:
నేను తిప్పినన్ని ఇంజిన్లు మీరు చూసి కూడా ఉండరు.

ఖని మెకానిక్:
ఇద్దరూ ఎవరి ఇంజిన్ గురించి వాళ్లు కరెక్టే. ఆ తర్వాత వచ్చిన యూసీఈ ఇంజిన్ బుల్లెట్‌లో ఆయిల్ ఒత్తిడితో గ్యాప్ తనే సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు కాబట్టి ఆ స్క్రూనే లేదు, ఇక గొడవ వదిలేయండి.

సింగిల్ సిలిండర్:
ఆయిల్ గురించి ఎవరూ చెప్పలేదు. 20డబ్ల్యూ50లో వేడి మీద పనిచేసేది వెనక అంకె. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 50 గ్రేడుకి 16.3 నుంచి 21.9 సెంటీస్టోక్స్, 30 గ్రేడుకి 9.3 నుంచి 12.5. కంపెనీ 20డబ్ల్యూ50 చెబితే అదే పొయ్యి. కారు ఆయిల్ మాత్రం వద్దు, క్లచ్ జారొచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగే బైకు క్లచ్‌కి సరిపోయే గ్రేడు) అని ఉండాలి.

వైజాగ్ వైరింగ్:
అసలు దొంగ ఇథనాలే. ఈ20తో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) మిశ్రమం పలచనై ఇంజిన్ కాగుతోంది.

సింగిల్ సిలిండర్:
నిన్నటిదాకా పికప్ కాయిల్, ఇవాళ ఇథనాలా? ఈ20కి గాలి పెట్రోలు లెక్క 14.7 నుంచి 13.5 దరిదాపులకు దిగుతుంది, కార్బురేటర్లో పెట్రోలు వచ్చే పాత జెట్‌తో మిశ్రమం కాస్త లీన్ (పలచన) అవడం నిజం. అయితే ఆవిరయ్యేటప్పుడు ఇథనాల్ ఎక్కువ వేడి లాగేసుకుంటుంది కూడా. సగం చోక్ వేస్తే ఇంజిన్ సాఫీగా నడిచిందా, అప్పుడు మెయిన్ జెట్ ఒక సైజు పెంచు. ముందే కెలకొద్దు.

బెజవాడ బ్రో:
కార్బురేటర్‌లో ఐడిల్ మిశ్రమం స్క్రూ బయటికి తిప్పితే రిచ్చా (పెట్రోలు ఎక్కువా), లీనా?

ఫీలర్ గేజ్:
స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే బయటికి రిచ్, ఫిల్టర్ వైపు ఉంటే బయటికి లీన్. కొత్త చర్చ పెట్టండి బ్రో.

ఖని మెకానిక్:
ఫ్యాన్ అడిగిన తమ్ముడికి: స్కూటర్లో మ్యాగ్నెట్ మీద ఫ్యాన్, ఇంజిన్ చుట్టూ గాలి తోసే మూత రెండూ ఉంటాయి, అందుకే పనిచేస్తుంది. మోటార్‌సైకిల్‌కి పక్కన చిన్న ఫ్యాన్ కడితే బ్యాటరీ దిగడం తప్ప లాభం లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేయ్. ట్యాపెట్లు సెట్ చేయించాక కిక్ ఎలా ఉందో ఇక్కడే చెప్పు.