టేబుల్ మీద పెట్టిన బోయా నిమిషంలో 18 మీటర్లు లేచిందంటోంది, తప్పు ఎక్కడ?

కెరటం_కొలత:
అందరికీ నమస్తే. సముద్రంలో తేలుతూ అలల ఎత్తు కొలిచే చిన్న బోయా ఒకటి చేస్తున్నాను. ఫుట్‌బాల్ కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ గోళం, లోపల ఫోన్లలో వాడే రకం యాక్సిలరోమీటర్-గైరో చిప్ (త్వరణాన్నీ, తిరుగుడునూ కొలిచేది), మెమరీ కార్డు, అడుగున బ్యాటరీలు. త్వరణాన్ని ఒకసారి కూడితే వేగం, మళ్ళీ కూడితే ఎత్తు వస్తుంది కదా అని కోడ్ అలాగే రాశాను. తీరా చూస్తే టేబుల్ మీద కదలకుండా ఉన్నదే నిమిషం తిరిగేసరికి 18 మీటర్లు పైకి పోయినట్టు చూపిస్తోంది. చిప్ మార్చి చూశాను, అంకె మారింది గానీ వరస మారలేదు. ఖరీదైన సెన్సర్ పెడితే తప్ప ఇది పని చేయదా? నీళ్ళలో వదిలే రోజు దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

లంగరు:
చిప్ బాగానే ఉందండి, కొత్తది కొనకండి. మీ 18లోనే జవాబు ఉంది. సగం × 0.01 × 60 × 60 = 18. అంటే మీ సెన్సర్ సున్నా సెకనుకు సెకనుకు ఒక్క సెంటీమీటరు తప్పింది, గురుత్వంలో వెయ్యో వంతు. చవక చిప్పుల్లో అది మామూలే, పైగా వేడి మారితే అదీ మారుతుంది. కాబట్టి కూడుకుంటూ పోయే పద్ధతి మానేసి 20 నిమిషాల రికార్డు తీసుకోండి, దానికి ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ చేసి త్వరణపు స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఊపు ఉందో చూపే గీత) తీయండి, ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా కోణీయ ఫ్రీక్వెన్సీ (2π × ఫ్రీక్వెన్సీ) నాలుగో ఘాతంతో భాగిస్తే ఎత్తుల స్పెక్ట్రమ్ వస్తుంది. దాని కింది వైశాల్యానికి వర్గమూలం తీసి 4తో గుణించండి, అదే సిగ్నిఫికెంట్ వేవ్ హైట్, అంటే సుమారుగా అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తు.

అసలు ప్రమాదం ఆ భాగహారంలోనే ఉంది. 20 సెకన్ల అల దగ్గర మీరు భాగించే విలువ సుమారు 0.01, అంటే సెన్సర్ రొద (నాయిస్) 100 రెట్లవుతుంది. 50 సెకన్ల దగ్గరైతే 4,000 రెట్లు! అక్కడ అల ఉండదు, ఉన్నదంతా రొదే. అందుకని ఒక చోట కింది ఫ్రీక్వెన్సీలను కోసేయాలి. ఎక్కడ కోయాలో పుస్తకం చూసి కాదు, బోయా టేబుల్ మీద ఉన్నప్పటి స్పెక్ట్రమ్ చూసి తేల్చుకోండి.

నీలిగీత:
పైన చెప్పిందంతా సరే గానీ ఒకటి వదిలేశారు. బోయా అలతో పాటు ఒరుగుతుంది, ఒరిగితే గురుత్వం పక్క అక్షాల్లోకి జారుతుంది, కాబట్టి ముందు గైరో సాయంతో నిట్టనిలువు త్వరణం వేరు చేయాలి. డేటావెల్ కంపెనీ అలల బోయా వేవ్‌రైడర్‌లో దీనికోసం సెన్సర్‌ను ద్రవంలో తేలే పళ్ళెం మీద నిలిపారు, బోయా ఎటు ఒరిగినా అది సమంగానే ఉంటుంది. మీ గోళంలో అంత చోటు లేదు.

ఇంకో దారి జీపీఎస్. స్పాటర్ అనే అలల బోయాలు దాని మీదే నడుస్తాయి. డాప్లర్ (కదలిక వల్ల సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా) నుంచి వేగం నేరుగా దొరుకుతుంది కనుక ఒక్కసారి కూడితే చాలు, రొద అంతగా పెరగదు. కానీ అల విరిగి యాంటెన్నా మీద పడినప్పుడు సిగ్నల్ పోతుంది. మీ చేతిలో ఉన్న చిప్‌తోనే పోవాలంటే ఓపెన్‌మెట్‌బోయ్ అనే చవక బోయా కోడ్ చదవండి, ఎవరైనా వాడుకునేలా బయట పెట్టారు, సముద్రపు మంచు మీద కూడా పని చేసింది.

చుక్కాని:
నీళ్ళలో వేసే ముందు చక్రం పరీక్ష చేయండి, దయచేసి ఇది మాత్రం మానొద్దు. మీటరు పొడవు కర్రను గేర్ మోటారుకు బిగించి, కొసన బోయాను జెయింట్ వీల్ కుర్చీలా వేలాడదీసి, 10 సెకన్లకు ఒక చుట్టు తిప్పండి. కింది నుంచి పైకి 2 మీటర్లు కదా, మీ కోడ్ మాత్రం 2.83 చూపాలి. ఒకే ఎత్తులో, ఒకే లయలో ఊగే సైన్ అలకు పైన లంగరు చెప్పిన 4 రెట్ల లెక్క అలాగే వస్తుంది. నేను మొదటిసారి 2 రావాలనుకుని రెండు రోజులు లేని తప్పు కోసం వెతికాను.

లంగరు తాడు బిగుతుగా కట్టకండి. పెద్ద అల వచ్చినప్పుడు తాడు బోయాను కిందికి పట్టేస్తుంది, అలల శిఖరాలు కోసినట్టు రికార్డవుతాయి, మీకు అవసరమైన అలలే పోతాయి. వేవ్‌రైడర్ లంగరులో సాగే రబ్బరు తాడు పెట్టేది అందుకే.

కెరటం_కొలత:
చక్రం పరీక్ష అయింది. 0.05 హెర్ట్జ్ దగ్గర కోశాను. 10 సెకన్ల చుట్టుకు 2.79 వచ్చింది, చాలా సంతోషంగా ఉంది. 14 సెకన్లకు తిప్పితే మాత్రం 2.5కి పడిపోతోంది. ఎందుకంటారు?

లంగరు:
14 సెకన్లంటే 0.07 హెర్ట్జ్, మీరు కోసిన చోటుకు బాగా దగ్గర. మీ ఫిల్టర్ ఒక్కసారిగా తెగదు, వాలుగా దిగుతుంది, ఆ వాలు మీ అలను కొంత తినేస్తోంది. 0.035 దాకా దించి, అదే చక్రం మీద 14, 16, 18 సెకన్లకు మళ్ళీ తిప్పి అంకెలు ఇక్కడ పెట్టండి. దూరపు తుఫాను నుంచి వచ్చే పొడవాటి అలలు ఆ మధ్యే ఉంటాయి, వాటిని తక్కువ చేసి చూపించే బోయాను నీళ్ళలో వదలొద్దు.