ఏ అండ్ ఎం ఫస్టియర్: శనివారం గేమ్‌కి వెళ్ళాలా, మ్యాథ్ ఎగ్జామ్ చూసుకోవాలా?

బెజవాడ_ఫిష్:
అందరికీ నమస్తే. నేను విజయవాడలో ఇంటర్ ఎంపీసీ చేసి ఈ ఆగస్టులో టెక్సాస్ ఏ అండ్ ఎం లో జనరల్ ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో చేరాను, ఉండేది డార్మ్‌లో. రూమ్మేట్ హ్యూస్టన్ పక్క ఊరివాడు, వాళ్ళ నాన్న కూడా ఇక్కడే చదివాడంట, వచ్చిన రోజు నుంచీ అమెరికన్ ఫుట్‌బాల్ తప్ప ఇంకో మాట లేదు. మొదటి హోమ్ గేమ్‌కి నేను పోలేదు, రూమ్‌లో కూర్చుని హోంవర్క్ చేద్దామనుకుంటే అరుపులు కిటికీ అద్దం దాటుకుని వచ్చేస్తున్నాయి, డార్మ్ మొత్తం ఖాళీ, నేనొక్కడినే. ఈ శనివారం మళ్ళీ గేమ్ ఉంది, ఈసారి రాకపోతే ఊరుకోనంటున్నాడు వాడు.

నా ఇబ్బందులు ఏంటంటే, రిజిస్ట్రేషన్ అప్పుడు స్పోర్ట్స్ పాస్ అయితే తీసుకున్నా కానీ టికెట్ విడిగా తెచ్చుకోవాలంట, ఫస్టియర్ వాళ్ళకి అది గురువారం, నాకేమో గురువారం పొద్దున కెమిస్ట్రీ ల్యాబ్. పైగా వచ్చే వారం మ్యాథ్ 151 మొదటి ఎగ్జామ్. ఫస్టియర్ అయ్యాక కోరుకున్న మేజర్ (బ్రాంచ్) గ్యారంటీగా రావాలంటే 3.75 జీపీఏ ఉండాలి కదా, నాకు కంప్యూటర్ సైన్సే కావాలి, అందుకే భయం. ఆట గురించి ఒక్క ముక్క తెలీదు. బీఫ్ తినను, టెయిల్‌గేట్‌లో (గేమ్ ముందు స్టేడియం బయట చేసుకునే విందు) అంతా అదే ఉంటుందంటున్నారు. గేమ్ అయ్యేదాకా స్టూడెంట్స్ నిలబడే ఉండాలంట, ఇది నిజమా లేక వీడు నన్ను ఆటపట్టిస్తున్నాడా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

కాలేజ్‌స్టేషన్_అక్క:
నిజమే తమ్ముడూ, నిలబడాలి. నేను ఇక్కడే అండర్‌గ్రాడ్ చేశా కాబట్టి వరసగా చెప్తా.

ముందు టికెట్. సోమవారం సీనియర్లు (నాలుగో ఏడాది), మంగళవారం జూనియర్లు (మూడో ఏడాది), బుధవారం సోఫమోర్లు (రెండో ఏడాది), గురువారం మీరు, ఇదీ టికెట్ పుల్ వరస, పుల్ అంటే పాస్ చూపించి టికెట్ తెచ్చుకోవడం, దాన్నే లాగడం అంటాం. ల్యాబ్ ఎగ్గొట్టి లైన్లో నిలబడక్కర్లేదు, గ్రూపుగా లాగొచ్చు, మీ ఫ్లోర్‌లో ఖాళీగా ఉన్నవాడు ఎవడో ఒకడు వెళ్ళి అందరివీ తెస్తాడు. మనవాళ్ళకి తెలియని కిటుకు ఇంకొకటుంది. గ్రాడ్ స్టూడెంట్స్ కూడా సీనియర్లతో పాటు సోమవారమే లాగొచ్చు, గ్రూపులో పెద్ద క్లాసు వాళ్ళు ఎక్కువమంది ఉంటే గ్రూపు మొత్తం వాళ్ళ రోజునే లాగుతుంది. ఎమ్మెస్ చేసే తెలుగు అన్నలు అక్కలు క్యాంపస్ నిండా ఉన్నారు, వాళ్ళలో స్పోర్ట్స్ పాస్ ఉన్నవాళ్ళని పట్టుకున్నావంటే స్టేడియం కింది డెక్‌లో (అంతస్తులో) సీటు వస్తుంది. లేదంటే ఫస్టియర్‌కి మూడో డెక్ రాసిపెట్టి ఉంటుంది. మూడో డెక్ ఏం తీసిపారేసేది కాదులే, గ్రౌండ్ మొత్తం కనిపించేది అక్కడి నుంచే.

నిలబడటం వెనక పెద్ద కథే ఉంది. 1922 జనవరి 2న డల్లాస్‌లో సెంటర్ కాలేజీతో మ్యాచ్, మనవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు దెబ్బలు తగిలి బయటికి వచ్చేస్తున్నారు, బెంచీ మీద మనుషుల్లేరు. ఈ. కింగ్ గిల్ అని మన స్టూడెంటే ఒకతను పైన ప్రెస్ బాక్స్‌లో ఉంటే కోచ్ కిందికి పిలిపించాడు, అతను డ్రెస్ వేసుకుని వచ్చి ఆట అయ్యేదాకా సైడ్‌లైన్ దగ్గర రెడీగా నిలబడ్డాడు. అతన్ని దింపే అవసరం రాలేదు, మనమే 22-14 తో గెలిచాం. ట్వెల్త్ మ్యాన్ అంటే అదీ, ఆడే పదకొండు మందికి తోడు పన్నెండోవాడు, అవసరమైతే మేమూ దిగుతాం అని చెప్పడానికే స్టూడెంట్స్ అంతా నిలబడేది. చదివితే కొంచెం అతిగానే అనిపిస్తుంది, నాకూ అనిపించింది, కానీ లక్ష మంది పట్టే స్టేడియంలో (కైల్ ఫీల్డ్ కెపాసిటీ 102,733) నీ చుట్టూ అందరూ నిలబడి ఉంటే కూర్చోవాలన్న ఆలోచనే రాదు. మంచి బూట్లు వేసుకో. చెప్పులతో మాత్రం పోవద్దు, నీ కాలు ఎవడో ఒకడు తొక్కుతాడు.

ఎండ గురించి ఎవరూ చెప్పరు. స్టూడెంట్ సెక్షన్ తూర్పు వైపు, అంటే మధ్యాహ్నం 2:30 గేమ్ అయితే పడమటి ఎండ సూటిగా మొహం మీదే. బెజవాడ వాడివి కదా ఎండ నాకేంటి అనుకోకు, అక్కడ మనం నీడ చూసుకుని నడుస్తాం, ఇక్కడ కదలకుండా గంటలు గంటలు నిలబడతావు. టోపీ, సన్‌స్క్రీన్, ముందు రోజు నుంచే నీళ్ళు. సాయంత్రం గేమ్ అయితే హాయి.

బ్యాగు తేకపోవడమే మేలు. తెస్తే పారదర్శకమైన ప్లాస్టిక్‌దే రానిస్తారు, 12 అంగుళాలకి 6 కి 12 దాటకూడదు, కాలేజీ బ్యాక్‌ప్యాక్‌తో వెళ్తే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. చొక్కా మెరూన్. ఆరెంజ్ అస్సలు వద్దు, అది మనకి పోటీ అయిన ఆస్టిన్ యూనివర్సిటీ (యూటీ) వాళ్ళ రంగు, నీ దగ్గర వేరే చొక్కా లేదన్నా ఎవడూ వినడు.

ఓరుగల్లు_పోరడు:
తమ్మీ ఆట సంగతి నేను చెప్త, టెన్షన్ వడకు. వంద గజాల గ్రౌండ్, బాల్ మనదైతే నాలుగు ఛాన్సులిస్తరు, దాన్ని డౌన్ అంటరు. ఓవర్ల ఆరు బంతులున్నట్టు ఇక్కడ నాలుగు డౌన్లు అనుకో, ఆ నాలుగిట్ల పది గజాలు ముందుకు వోతే మళ్ళ కొత్తగ నాలుగు, లేకుంటే బాల్ అవుతలోళ్ళకి. చివరిదాక తీస్కపోతే టచ్‌డౌన్, 6 పాయింట్లు, దాని ఎంబడి కిక్ కొడితే ఇంకోటి. పోలేకపోతే దూరం నుంచే కంబాల నడుమ కొడ్తరు, అది ఫీల్డ్ గోల్, 3. గింతే. మిగతా పెనాల్టీలన్నీ పక్కోణ్ణి అడుగు, వాడే ఖుషీగ చెప్తడు.

కొత్తోళ్ళు ఆగమయ్యేది ఒక్క కాడనే. మన టీమ్ బాల్ పట్టుకొని ఆడుతుంటే సప్పుడు చెయ్యొద్దు, మన క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపించేటోడు) చెప్పేది మనోళ్ళకి ఇనవడాలె. అవుతలోళ్ళ చేతుల బాల్ ఉన్నప్పుడు, ముఖ్యంగ వాళ్ళ మూడో డౌన్ అప్పుడు, గొంతు చించుకో. మన దగ్గర క్రికెట్ల మనోడు కొడితేనే కదా లొల్లి, ఇక్కడ ఉల్టా.

గడియారం చూసి మోసపోకు. 15 నిమిషాలవి నాలుగు క్వార్టర్లు అంటే గంటే కదా అనుకుంటవు, అడ్వర్టైజ్‌మెంట్లు, రివ్యూలు, హాఫ్‌టైమ్ అన్నీ కలిపి మూడున్నర గంటలు. హాఫ్‌టైమ్ల మాత్రం పాప్‌కార్న్ కోసం లేవకు, ఆగీ బ్యాండ్ సూడు (ఆగీ అంటే మన ఏ అండ్ ఎం వోళ్ళే), మిలిటరీ నడక నడుస్తరు, ఒకళ్ళలకెళ్ళి ఒకళ్ళు దూరిపోతరు, ఒక్కడు కూడా తగలడు. ఆట నచ్చకున్నా అది నచ్చుతది.

సాకరే_నయం:
అందరూ వెళ్ళు వెళ్ళు అంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా వినండి. నేను ఎమ్మెస్, నాకు ఇదంతా ఎక్కలేదు. శనివారం ఒక్కటే కాదు బాబూ పోయేది, గురువారం టికెట్ గొడవ, శుక్రవారం అర్ధరాత్రి యెల్ ప్రాక్టీసు (మిడ్‌నైట్ యెల్, గేమ్‌లో అరిచే అరుపుల రిహార్సల్), శనివారం పొద్దున్నుంచీ టెయిల్‌గేట్, తర్వాత గేమ్, రాత్రి నార్త్‌గేట్ (క్యాంపస్ పక్కన బార్లుండే వీధి) చుట్టూ తిరుగుడు, ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్ర, ఇక నీ మ్యాథ్ 151 ఎక్కడ? ఎల్లిస్ ఫీల్డ్‌లో సాకర్ (మన దగ్గర ఫుట్‌బాల్ అనేది) చూడు, రెండు గంటల్లో రూముకొచ్చేస్తావు. స్ప్రింగ్‌లో ఓల్సెన్ ఫీల్డ్‌లో బేస్‌బాల్ ఇంకా బాగుంటుంది, మనవాళ్ళు రన్ చేస్తే జనం సబ్బు బుడగలు ఊదుతారు, కూర్చుని చూడొచ్చు కూడా.

కాలేజ్‌స్టేషన్_అక్క:
సాకరే_నయం గారు చెప్పిన లెక్క కరెక్టే, అందుకే నేననేది ఏంటంటే ఆ నాలుగు రోజుల్లో తమ్ముడు ఒక్క ముక్కే తీసుకోవాలి. ఎగ్జామ్ ముందున్న వారం గేమ్ ఒక్కటే చూడు, మిగతావన్నీ వదిలెయ్. మిడ్‌నైట్ యెల్ ఎగ్జామ్ లేని వారం చూసుకోవచ్చు, టికెట్ కూడా అక్కర్లేదు దానికి. శుక్రవారం సాయంత్రం నుంచి పడుకునేదాకా మ్యాథ్, శనివారం పొద్దున కాసేపు పాత ఎగ్జామ్ పేపర్లు, గేమ్‌కి గంటన్నర ముందు బయల్దేరు, అయ్యాక తిన్నగా రూముకి. ఆదివారం ఎవాన్స్ లైబ్రరీలోనో జాక్రీలోనో (ఇంజినీరింగ్ బిల్డింగ్) కూర్చుని చదువుకో.

మ్యాథ్ 151 లో లిమిట్స్, డెరివేటివ్స్ ఇంటర్‌లో చూసిన మొహాలే, ఎంపీసీ పిల్లలు దానికి భయపడక్కర్లేదు. 3.75 కి గండి పడేది అక్కడ కాదు, ప్రతి వారం వచ్చే చిన్న చిన్న హోంవర్కులు, ల్యాబ్ రిపోర్టులు, ఇంజినీరింగ్ 102 లో పైథాన్ టీమ్ పని, అక్కడ పోతాయి మార్కులు. ఇంటర్‌లో ఏడాది చివర పరీక్ష ఒక్కటే కదా, ఆ అలవాటుతో వారం వారం పనిని లెక్క చెయ్యరు మనవాళ్ళు. గేమ్ ఉన్న వారం ఏవేవి ఎప్పుడు డ్యూ ఉన్నాయో సోమవారమే రాసిపెట్టుకుని శుక్రవారంలోపు సబ్మిట్ చేసెయ్.

తిండి సంగతి. బ్రిస్కెట్ అంటే బీఫే, టెక్సాస్ బార్బెక్యూలో మొదట పెట్టేది అదే. సాసేజ్, హాట్ డాగ్, చిల్లీ, బేక్‌డ్ బీన్స్ కూడా అడక్కుండా తినొద్దు, బీన్స్‌లో కూడా మాంసం ముక్కలు వేస్తారు. మొహమాటపడకు, "నేను బీఫ్ తినను, ఏది తినొచ్చు" అని అడిగితే వాళ్ళే చికెన్ ఎక్కడుందో చూపిస్తారు, క్యాంపస్‌లో టెయిల్‌గేట్లు జరిగే ఆగీ పార్క్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా పిలిచి ప్లేటు చేతిలో పెడతారు. అయినా నా మాట విని డార్మ్‌లో కడుపు నిండా తిని వెళ్ళు, స్టేడియంలో రేట్లు చూస్తే ఆకలి చచ్చిపోతుంది. బీరు ఎవడైనా చేతికిస్తే వద్దని చెప్పు, ఇక్కడ 21 నిండాలి, వీసా మీద ఉన్నవాడికి ఆ తలనొప్పి అస్సలొద్దు.

ఫ్రిస్కో_నాన్న:
మా అమ్మాయి కూడా ఈ ఏడాదే చేరింది. పేరెంట్స్ ఎవరైనా చదువుతుంటే ఒక మాట. గేమ్ ఉన్న శనివారం పిల్లల్ని చూడ్డానికి వెళ్దామనుకోకండి. మేము డల్లాస్ నుంచి మూడు గంటలే కదా అని బయల్దేరాం, ఒక హోటల్ వాడు మామూలు రోజుకి మూడింతలు అడిగాడు, పైగా రెండు రాత్రులు తీసుకుంటేనే ఇస్తానన్నాడు. కారు పెట్టుకోడానికి చోటు లేదు, మా ఆవిడ పట్టుకెళ్ళిన గోంగూర పచ్చడి, పులిహోర రోడ్డు పక్కన నిలబడి చేతికిచ్చి వచ్చేశాం. గేమ్ షెడ్యూల్ చూసుకుని టీమ్ వేరే ఊరు వెళ్ళే వారం వెళ్ళండి, ఊరు ప్రశాంతంగా ఉంటుంది. పిల్లల దగ్గర కారుంటే స్టేడియం దగ్గర పార్కింగ్ లాట్లలోంచి ముందే తీసేయమనండి, గేమ్ కోసం ఖాళీ చేయిస్తారు, తీయకపోతే టో చేస్తారు.

బెజవాడ_ఫిష్:
అక్కా, అన్నా, అంకుల్, అందరికీ చాలా థాంక్స్. శుక్రవారం ఒక్కటీ చదువుకి పెట్టేసి శనివారం వెళ్తున్నా. టికెట్ రూమ్మేట్ లాగుతానన్నాడు. ఇంకో డౌట్, అడగడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మనవాళ్ళు స్కోర్ చేసినప్పుడల్లా పక్కనున్న అమ్మాయికి ముద్దు పెట్టాలి, అది ఇక్కడి ఆచారం అంటున్నాడు వాడు. ఇది కూడా నిజమేనా?? మా అమ్మ టీవీలో చూస్తానంటోంది.

కాలేజ్‌స్టేషన్_అక్క:
హహహ. ఆచారం ఉన్నమాట నిజమే కానీ అది డేట్‌తో వచ్చినవాళ్ళకి నాయనా, పక్కన ఎవరుంటే వాళ్ళకి కాదు! నీకు డేట్ లేదు కాబట్టి అరిచి ఊరుకో. మిడ్‌నైట్ యెల్‌లో కూడా లైట్లు ఆర్పినప్పుడు ఇదే తంతు, డేట్ లేనివాళ్ళు లైటర్ వెలిగించి పట్టుకునేవాళ్ళు, ఇప్పుడు ఫోన్ లైట్ వేస్తారు.

అరవడం ఎలాగో కూడా చెప్తా. ఇక్కడ చీర్‌లీడర్లు ఉండరు, తెల్ల బట్టల్లో ఐదుగురు యెల్ లీడర్లుంటారు, స్టూడెంట్సే ఓటేసి ఎన్నుకుంటారు. వాళ్ళు చేత్తో ఒక సైగ చేస్తారు, ముందు వరస చూసి అదే సైగ వెనక్కి చేస్తుంది, అలా మూడో డెక్ దాకా వస్తుంది, నువ్వు కూడా చేసి వెనకవాళ్ళకి అందించాలి. అప్పుడు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి ముందుకు వంగి అరవాలి. మొదటిసారి నడుం పట్టేస్తుంది. కాలేజీ పాట చివర్లో పక్కవాళ్ళ భుజాల మీద చేతులేసి అటూ ఇటూ ఊగుతారు, అప్పుడు పై డెక్ కూడా కాళ్ళ కింద కదులుతున్నట్టు తెలుస్తుంది, భయపడకు. "వూప్" అని మాత్రం అనకు, అది జూనియర్లకీ సీనియర్లకే, ఫస్టియర్ వాడు అంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఒక చూపు చూస్తారు. అవతలి టీమ్‌ని బూ అని కూడా అనరు ఇక్కడ.

బెజవాడ_ఫిష్:
సరే అక్కా. ఆఖరిది, శనివారం వాన అంటున్నారు, అమ్మ ఇచ్చిన మడత గొడుగు ఉంది, చిన్నదే, జేబులో పడుతుంది. పట్టుకెళ్ళొచ్చా?

ఓరుగల్లు_పోరడు:
గొడుగు లోపటికి రానియ్యరు తమ్మీ, ఎంత చిన్నదైనా. పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్ దొరుకుతది డాలర్ షాపుల, ఇయ్యాల్నే కొనుక్కో, శనివారం పొద్దుగాల పోతే అన్నీ అయిపోతయ్. ఫోన్ జిప్‌లాక్ కవర్ల పెట్టుకో, గేటు కాడ టికెట్ దాంట్లకెళ్ళే చూపెట్టొచ్చు. పోయేటప్పుడు బస్ దొరుకుతది గని, అయిపోయినంక బస్ కోసం నిలబడకు, డార్మ్‌కి నడుసుకుంటనే పో.